వాపు లేని నొప్పి

నిడమర్రు వైపు చెరువులో శీలావతి, బొచ్చె పట్టుబడి. చీకటితోనే దిగాం. చేప ఐసు మీదికి ఎక్కితేగాని కలకత్తా లారీ కదలదు. నడుం లోతు నీళ్లు, కింద బురద. వల ముందుకు లాగుతోంది, నా కుడికాలు వెనక కూరుకుపోయింది. బలంకొద్దీ పీకాను. గజ్జలో ఏదో చిరిగినట్టయింది. వల వదిలితే చేప పోతుందని పళ్లు బిగబట్టి ఒడ్డుదాకా లాగాను.

మర్నాడు నడవగలిగాను గాని, కాలు ఎత్తలేకపోయాను. ప్యాంటు వేసుకోవాలంటే తొడను రెండు చేతులా ఎత్తిపెట్టుకోవాలి. గణపవరంలో బస్సెక్కాలంటే మొదటి మెట్టు దగ్గరే చెమటలు పట్టేవి. చూస్తే వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. "నడుస్తున్నావుగా, ఇంకేం నొప్పిరా?" అన్నాడు మేస్త్రి. కిడ్నీలో రాయన్నారు ఒకరు, హెర్నియా అన్నారు ఇంకొకరు. నూనెతో మర్దనా చేయించాను. నొప్పి సూది వేయించుకున్న రోజు తేలిగ్గా ఉండేది. తగ్గిందనుకుని వల పట్టేవాణ్ణి, రాత్రికి రెట్టింపయ్యేది. మోకాలి కింద దిండు పెట్టుకుంటేనే నిద్ర. అలా రెండు నెలలు. ఇల్లు మా ఆవిడ కూలి మీదే నడిచింది. నేను నటిస్తున్నానని తనూ అనుకుంటోందేమోనన్న దిగులు నొప్పికంటే ఎక్కువగా తినేసింది.

చివరికి తాడేపల్లిగూడెంలో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, కీలు బాగుంది, ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. అక్కడి అమ్మాయిది మా పెద్దమ్మాయి ఈడు.

"జ్వరం వస్తోందా బాబాయ్ గారూ? బరువేమన్నా తగ్గారా? స్టెరాయిడ్లు వాడారా?" అని మొదలుపెట్టింది.

గజ్జ నొప్పికి ఇవన్నీ ఎందుకనుకున్నాను. వెన్నుకు టీబీ వస్తే ఆ చీము ఒక్కోసారి సోయాస్ అనే లోపలి కండరం వెంట గజ్జలోకి దిగుతుందట. స్టెరాయిడ్లు ఎక్కువ వాడితే తుంటి బంతికి రక్తం అందక దెబ్బతినవచ్చట. అలాంటి లక్షణాలేవీ లేవని తేల్చుకున్నాకే బల్ల ఎక్కించింది.

బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ మోకాలు గుండెకు హత్తుకోమంది. అప్పుడు కుడి తొడ బల్లకు ఆనాలి. నాది గాల్లోనే ఆగిపోయింది. దీన్ని థామస్ పరీక్ష అంటారని చెప్పి, నా ఫోనుతోనే ఫొటో తీసి చూపించింది. రెండు నెలల్లో నా నొప్పి కంటికి కనబడటం అదే మొదలు. ఇంటికెళ్లగానే మా ఆవిడకు చూపించాను.

దెబ్బతిన్నది ఆ సోయాస్ కండరమేనని చెప్పింది. అది నడుం వెన్నుపూసల పక్కన పుడుతుంది. కటి ఎముక లోపలి నుంచి వచ్చే ఇలియాకస్‌తో కలిసి, గజ్జ ముందుగా దిగి, తొడ ఎముక లోపలి వైపు అతుక్కుంటుంది. కాలు పైకెత్తే బలం ముఖ్యంగా ఈ రెండింటిదే. బురదలోంచి అడుగు పీకడం వాటి పనే. లోతుగా ఉంటాయి గనక దెబ్బ తగిలినా పైకి కనబడదు. దిండుతో కాలు రాత్రంతా మడిచే ఉంచడంతో అవి మరింత బిగుసుకున్నాయి.

మొదట మర్దనా, సాగదీయడం రెండూ మాన్పించింది. కుర్చీలో కూర్చుని మోకాలి మీద అరచెయ్యి పెట్టి అదమాలి, మోకాలు కదలకుండా చేతిని ఎదిరించాలి. పది లెక్కపెట్టి వదలాలి. వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తాలి. కొన్నాళ్లకు ఒక మోకాలు నేలకు ఆనించి, నడుం వంచకుండా గజ్జను ముందుకు సాగదీయడం, అర నిమిషం చొప్పున. తర్వాత పాదాలకు రబ్బరు పట్టీ వేసి కాలు ఎత్తడం, ఆఖర్న మెట్లు. లెక్క ఒకటే చెప్పింది: చేసేటప్పటి కొద్దిపాటి నొప్పి మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే సరే, పెరిగితే తగ్గించుకోవాలి.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాను గాని, ఓ వారం తొందరపడి రెట్టింపు చేసి మళ్లీ మంచమెక్కాను.

నాలుగో నెలలో చెరువులో దిగాను. ఇప్పుడు బురదలో ముందు మడమ అటూఇటూ కదిపి, సందు చేసుకుని కాలు తీస్తాను. చలి పొద్దుల్లో గజ్జ ఇంకా పట్టేస్తుంది.

మొన్న పట్టుబడిలో ఓ కుర్రాడు గజ్జ పట్టుకుని నీళ్లలో నిలబడిపోయాడు. వల మాత్రం వదల్లేదు. ఒడ్డెక్కమని, వాడి కొస నేనందుకున్నాను.