ఉక్కు స్తంభం ఎక్కాను... నీళ్ల సీసాలు నా దగ్గరే!

మా తాత పేరు ఓబులేసు. రాయలసీమలో ఏ ఊరికెళ్లినా ఈ పేరు వినిపిస్తుంది. అహోబిలం నరసింహస్వామిని మా వైపు అలాగే పిలుచుకుంటారు. చిన్నప్పుడు ఆ తాత చెయ్యి పట్టుకుని అహోబిలం కొండ తిరిగానని నాన్న తరచూ చెబుతుండేవాడు. 'ఒకసారి నాతో రారా' అని ఏళ్ల తరబడి అడుగుతుంటే, మొన్న డిసెంబర్లో ఓ వారాంతం కుదిరింది.

నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ దాటాక వచ్చే చిన్న ఊరు అహోబిలం. దిగువ అహోబిలం నుంచి దాదాపు 8 కిలోమీటర్లు వెళ్తే ఎగువ అహోబిలం. చుట్టూ నల్లమల అడవి. అందులో తొమ్మిది నరసింహ ఆలయాలు, వాటి మధ్య కాలిబాటలు. భార్గవ, యోగానంద, ఛత్రవట ఆలయాలు దిగువ ఊరి వైపు ఉంటాయి. కారంజ నరసింహుడు ఎగువకెళ్లే రోడ్డు పక్కనే. పావన నరసింహుణ్ని చూడాలంటే మాత్రం అడవి లోపలికి పోవాల్సిందే.

నేను ఊరుకుంటానా! ఎక్సెల్ షీట్ తయారుచేశా. ఏ గుడికి ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు అని లెక్కలేసి, రెండ్రోజుల్లో తొమ్మిదీ పూర్తి, పైగా ఉక్కు స్తంభం కూడా అని రాసుకున్నా. నాన్న మోకాళ్లకి మాత్రం అందులో గడి లేదు.

మొదటి రోజు పొద్దున్నే ఎగువ ఆలయంలో దర్శనం చేసుకుని, ఊతకర్రలు తీసుకుని బయల్దేరాం. దారి భవనాశి వాగు వెంటే పోతుంది. కొంతదూరం బాట, కొంతదూరం వాగులోని బండరాళ్లు. వరాహ నరసింహుడి గుడి దాకా నాన్న నాకంటే ముందే నడిచాడు. ఆ తర్వాత మెట్లు మొదలయ్యాయి. పది మెట్లు ఎక్కడం, నిలబడటం. నేను వాచీ చూసుకోవడం.

జ్వాలా నరసింహుడి గుడి కొండ చరియకి అతుక్కున్నట్టుంటుంది. పైనుంచి జలధార దారిమీదే పడుతుంటే తడుస్తూ దాటాలి. హిరణ్యకశిపుణ్ని చీల్చింది ఇక్కడేనని, పక్కనున్న రక్తకుండంలో స్వామి చేతులు కడుక్కున్నాడని చెబుతారు. దర్శనమయ్యాక నాన్న అరుగుమీద కూలబడ్డాడు.

"నేనీడ కూచుంటా. నువ్వు పోయి రా. బిరీన వచ్చెయ్."

ఒక చెంచు కుర్రాణ్ని దారి చూపమని అడిగి నేను పైకి కదిలా. ఉక్కు స్తంభం దారిలో మెట్లుండవు. చెట్ల వేర్లు పట్టుకుని, కదిలే రాళ్లమీద ఎక్కడమే. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని నమ్మకం. చూస్తే నిజంగానే కొండ నిలువునా చీలినట్టుంటుంది. పైకి చేరి, ఫొటోలు తీసుకుని, దాహమేసి బ్యాగు తెరిచా. రెండు నీళ్ల సీసాలూ అందులోనే ఉన్నాయి!

గుండె ఝల్లుమంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. నాన్నకి బీపీ మాత్రలు కూడా ఈ బ్యాగులోనే. ఒక్క ఉదుటున దిగబోతే ఆ కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉరకొద్దు సార్. అందరూ దిగేటప్పుడే పడతారు."

జ్వాలా గుడి చేరేసరికి మూడు గంటలు దాటిపోయింది. అరుగుమీద నాన్న లేడు. నోరెండిపోయింది. గుడి చుట్టూ తిరిగా, పిలిచా. చివరికి జలధారకి అవతల, కర్ణాటక నుంచి వచ్చిన ఒక కుటుంబంతో కలిసి పులిహోర తింటూ కనిపించాడు. నీళ్లూ వాళ్లే ఇచ్చారట.

తిడతాడనుకున్నా. మాత్ర వేసుకుని, "పైన ఎట్లుంది రా?" అన్నాడు.

"నువ్వు చూశావు కదా నాన్నా?"

"యాడ చూసినా! పదేళ్లప్పుడు మీ తాత నన్నూ ఈడే కూచోబెట్టి, తానొక్కడే పోయినాడు."

ఇన్నేళ్లూ కొండంతా తిరిగానని నాన్న చెబుతుంటే, ఎంతవరకు ఎక్కావని నేనెప్పుడూ అడగలేదు. ఫోన్ చేతికిచ్చా. కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో ఫొటోని పెద్దది చేసి చూశాడు. చీలిక దగ్గర చాలాసేపు ఆగాడు.

తిరుగు దారిలో మాలోల నరసింహుడి గుడి దాకా ఆయన నడకతోనే నడిచా. లక్ష్మీదేవితో శాంతంగా కూర్చున్న స్వామి. ఇక్కడి ఉత్సవమూర్తి అహోబిల మఠం జీయర్లతో పాటు ఊరూరా తిరుగుతుంటాడని నాన్న చెప్పాడు. ఇది నా షీట్‌లో లేదు.

మర్నాడు కారంజ, యోగానంద చూసి వచ్చేశాం. మిగతావి మిగిలిపోయాయి.

మీరూ వెళ్తే తెల్లవారగానే బయల్దేరండి. వానల్లో వాగు పొంగుతుంది కాబట్టి చలికాలం మేలు. ఉక్కు స్తంభానికి దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్లొద్దు. నీళ్లు, మందులు మాత్రం ఎవరివి వాళ్ల బ్యాగులోనే ఉండాలి.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. పావన నరసింహుడి దగ్గరికి జీపులు పోతాయట, కనుక్కున్నాడు. ఈసారి షీట్ తనే రాస్తాడట.