వెనుక చక్రముల బ్రేకు

బండి యెంత వేగముగ పోవునని అడుగువారు పెక్కుమంది. ఎంత దూరములో నిలుచునని అడుగువారు అరుదు. కాని ప్రయాణికుల ప్రాణములు ఈ రెండవ ప్రశ్నపైననే ఆధారపడియున్నవి.

మారుతీ వ్యాను మన దేశమున 1984లో వెలువడినది. తరువాత ఓమ్ని యను పేరుతో 2019 వరకు తయారైనది. అట్టి పాత బండ్ల వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులుండును. చక్రముతో కూడ తిరుగు ఇనుప డ్రమ్ములో అర్ధచంద్రాకారముగల రెండు షూలు అమరియుండును. పెడలు నొక్కినంతనే గొట్టములలోని బ్రేకు ఆయిలు చిన్న సిలిండరులోని పిస్టనులను త్రోయును. షూలు విచ్చుకొని డ్రమ్ము లోపలి అంచును ఒరయును. ఆ రాపిడిచే వేగము వేడిగా మారి, బండి నిలుచును. పెడలు విడువగనే స్ప్రింగులు షూలను వెనుకకు లాగును.

పని తెలిసినవాడు దీనిని ఇంటి ముంగిటనే బాగుచేసికొనవచ్చును. అయితే ఓపిక ముఖ్యము. బండిని సమతలమున నిలిపి, ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మక, బండి క్రింద గట్టి స్టాండు నిలుపవలెను. హ్యాండు బ్రేకు విడువనిచో షూలు డ్రమ్మును పట్టియే యుండును గనుక, అది ఊడిరాదు.

డ్రమ్ము తీయగనే నల్లని ధూళి కనబడును. దానిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండుట కలదు. అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడిచివేయుటయే క్షేమము. సిలిండరు చెంత తడి కనబడినచో ఆయిలు కారుచున్నదని గ్రహింపవలెను. ఆయిలు తగిలిన షూ పట్టు తప్పును. దానిని కడిగి మరల బిగించుట మోసము. క్రొత్తది వేయుటయే న్యాయము. అదియు ఒక ప్రక్క మాత్రమే గాక రెండు ప్రక్కలను మార్చవలెను. లేనిచో బ్రేకు వేసినపుడు బండి ఒక వైపునకు లాగును.

స్ప్రింగుల అమరిక చిక్కైనది. అందుచే ఒక చక్రము పని ముగియునంతవరకు రెండవ దానిని విప్పరాదు. విప్పనిదే విప్పినదానికి పాఠ్యపుస్తకము. అంతయు బిగించిన పిమ్మట జనులు లేని చోట మెల్లగా నడిపి, పలుమారులు నిలిపి చూడవలెను. పెడలు మెత్తగా దిగిపోవుచున్నచో అభిమానము విడిచి మెకానికును పిలువవలెను.

బండి యెక్కు పిల్లలలో ఒక్కడును ఆ డ్రమ్ము లోపలికి తొంగిచూడడు. చూడనివారి తరపున చూచుటయే ఈ పనిలోని ధర్మము.