ఉపకరణ వివేకం: యజమాని ప్రమాణం



శ్రౌతకర్మలలో ఏ ఉపకరణమూ యాదృచ్ఛికంగా గ్రహింపబడదు. జుహువు పలాశంతో, ఉపభృత్తు అశ్వత్థంతో, ధ్రువ వికంకతంతో, స్రువం ఖదిరంతో నిర్మింపబడవలెనని విధి. ఆజ్యాన్ని అగ్నిలో వేయడానికి ఏదో ఒక గరిటె చాలదా అని లౌకికుడు భావించవచ్చు. కానీ ఏ క్రియకు ఏ పాత్ర, ఏ పాత్రకు ఏ కొయ్య అనే విచారణ ముగిసిన తరువాతనే అక్కడ కర్మ ఆరంభమవుతుంది. అంతకంటె సూక్ష్మమైన విషయం మరొకటి కలదు. అగ్నిచయనంలో క్షేత్రాన్ని కొలిచే వెదురుదండానికి బజారులోని కొలబద్ద ప్రమాణం కాదు. యజమాని ఊర్ధ్వబాహువై నిలిచినప్పుడు ఎంత ఎత్తు ఉంటాడో అంత పొడవుకే ఆ వెదురును ఖండిస్తారు. ఎవరి సంకల్పంతో కర్మ జరుగుతున్నదో, ఆ వ్యక్తి శరీరమే ఆ కర్మకు కొలత.

ఈ నియమం యజ్ఞశాలకే పరిమితం కాదు. గృహస్థుడు నిత్యజీవనంలో ఒక పనిముట్టును ఎన్నుకొనేటప్పుడు కూడా ఇదే విచారణ అవసరం. కాకినాడకు చెందిన ఒక వృద్ధుడు ఈ సత్యాన్ని సముద్రాల కావల, కుమారుని ఇంటి ముంగిట, మంచులో గ్రహించాడు. అక్కడ విషయం యజ్ఞపాత్ర కాదు. ముంగిట పేరుకొన్న మంచును తీసి దూరంగా విసిరే స్నో బ్లోయర్ అనే యంత్రం.

ఆయన కాకినాడలో సంస్కృతోపాధ్యాయుడుగా పనిచేసి విశ్రమించినవాడు. వయస్సు 72 సంవత్సరాలు. బ్రాహ్మీముహూర్తంలో లేవడం, సంధ్యావందనం, అవకాశం దొరికినప్పుడు సర్పవరం భావనారాయణస్వామి దర్శనం ఆయన నియమాలు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమను, కాకినాడ పరిసరాలను ఛిన్నాభిన్నం చేసినప్పుడు, మరునాటి ఉదయం వీధికి అడ్డంగా పడిన కొబ్బరిచెట్లను గొడ్డలితో నరికి దారి చేసినవారిలో ఆయన ఒకడు. ఆ దేహబలం తనలో ఇంకా ఉన్నదనే అభిమానం ఆయనను విడువలేదు. ఆ అభిమానమే ఈ వృత్తాంతానికి మూలం.

కుమారుని నివాసం న్యూయార్క్ రాష్ట్రంలో, బఫెలో నగరానికి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో. ఆ ప్రాంతానికి పడమట ఎరీ సరస్సు విస్తరించి ఉన్నది. శీతకాలారంభంలో సరస్సు జలం ఇంకా గడ్డకట్టక కొంత వెచ్చగా ఉండగా, దాని మీదుగా అతిశీతల వాయువు వీస్తుంది. ఆ వాయువు తేమను గ్రహించి, తీరం దాటగానే దానిని ఒక సన్నని పట్టీగా మంచు రూపంలో కురిపిస్తుంది. బఫెలోలో సంవత్సరానికి కురిసే మంచు సగటున సుమారు 95 అంగుళాలు. 2022 నవంబరులో కొద్ది దినాల వ్యవధిలోనే ఆర్చర్డ్ పార్క్‌లో 6 అడుగులకు మించి కురిసింది. ఆ తుఫానులో మంచు తొలగించే శ్రమ వలన గుండె ఆగి ఎరీ కౌంటీలో మరణాలు సంభవించాయి.

ఆ మరుసటి సంవత్సరం దంపతులు కొత్త ఇంటికి మారారు. ఇంటి నుండి రోడ్డు వరకు కార్లు వెళ్లే డ్రైవ్‌వే పొడవు 100 అడుగులు, వెడల్పు 20 అడుగులు. రోడ్డు వైపు భాగమంతా తారు, గ్యారేజీ దగ్గర కొంత మేర కంకర. పూర్వపు ఇంటి ముంగిలి చిన్నది కనుక పార చాలింది. ఇక్కడ కూడా చాలుననుకొన్నారు.

ఈ విషయంలో గణితం కఠినంగా మాట్లాడుతుంది. 2,000 చదరపు అడుగుల నేల మీద ఒక అడుగు మంచు కురిస్తే అది 2,000 ఘనపుటడుగులు. మంచు తేలికగా ఉన్నప్పటికీ బరువు 5 టన్నులకు మించుతుంది. గోదావరి మండలంలో ధాన్యపు బస్తా 75 కిలోలు. అంటే సుమారు 75 బస్తాల బరువును ఒక మనిషి పారతో ఎత్తి పక్కకు వేయవలెను. తడిమంచు అయితే ఆ బరువు రెండింతలు, మూడింతలు అవుతుంది. దూది వలె కనబడే ఆ తెల్లదనం నేత్రాన్ని వంచిస్తుంది.

కోడలు డయాలసిస్ కేంద్రంలో నర్సు. ఉదయం 4 గంటల 45 నిమిషాలకు ఆమె ఇల్లు విడువకపోతే, ఆమె కోసం నిరీక్షించే రోగుల చికిత్స ఆలస్యమవుతుంది. ఒకనాడు కుమారుడు ఉద్యోగకార్యం మీద వేరే నగరానికి వెళ్లాడు. తెల్లవారుజామున మూడున్నరకు వృద్ధుడు లేచి కిటికీ తెర తొలగించి చూశాడు. ముంగిలి కనబడలేదు. కోడలిని లేపకుండా, ఎవరికీ చెప్పకుండా, పార తీసుకొని బయటికి వెళ్లాడు. ఫలాపేక్ష లేని సేవ చేస్తున్నానని ఆయన మనస్సులో దృఢంగా అనుకొన్నాడు.

కాకినాడలో పుష్యమాసపు వేకువలో కూడా సాధారణంగా 18, 20 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. అక్కడ ఆ వేళ మైనస్ 10 డిగ్రీలు. అటువంటి శీతలవాయువు రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వలన రక్తపీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. నిద్ర లేచిన వెంటనే ఈ రెండూ కలిస్తే వృద్ధహృదయానికి మహాప్రమాదం. నాలుగున్నరకు కోడలు తలుపు తీసేసరికి ఆయన డ్రైవ్‌వే మధ్యలో పార మీద చేయి వేసి కూర్చొని ఉన్నాడు. ఛాతీ మీద బండ పెట్టినట్లున్నది, ఎడమచేయి లాగుతున్నది. ఆమె నర్సు కనుక క్షణం ఆలస్యం చేయలేదు. ఆస్పిరిన్ నమిలించి, 911కు ఫోను చేసింది. ఆసుపత్రిలో హృదయనాళానికి స్టెంటు వేసి ప్రాణం నిలిపారు. ఇకపై పార ముట్టరాదని వైద్యులు శాసించారు. ఆ దినం ఆమె విధులకు వెళ్లలేకపోయింది.

కుమారుడు తిరిగి వచ్చి, తానే తండ్రిని ఈ స్థితికి తెచ్చానని దుఃఖించాడు. తండ్రి కోలుకొన్న రెండు వారాలకు ముగ్గురూ యంత్రాల దుకాణానికి వెళ్లారు. అన్నింటికంటె పెద్దది, అన్నింటికంటె బలమైనది కొనవలెనని కుమారుని నిశ్చయం. 30 అంగుళాల వెడల్పు గల త్రీ-స్టేజ్ యంత్రం మీద అతని దృష్టి నిలిచింది. అపరాధభావం కూడా ఒక విధమైన మోహమే. అది ప్రమాణాన్ని చూడనివ్వదు.

దుకాణదారుడు అనుభవజ్ఞుడు. ఏ యంత్రం కావాలి అని కాక, నేల ఎటువంటిది అని ముందుగా అడిగాడు. తరువాత భేదాలను వివరించాడు. సింగిల్-స్టేజ్ యంత్రంలో ముందున్న ఆగర్ అనే మెలికల చక్రమే మంచును గ్రహించి, తానే గొట్టం ద్వారా విసురుతుంది. అది తేలిక, భద్రపరచడం సులభం. 8, 9 అంగుళాల లోపు మంచుకు, తారు లేక కాంక్రీటు నేలకు యోగ్యం. కానీ ఆ చక్రం నేలను తాకుతూ తిరుగుతుంది కనుక కంకర మీద నడిపితే రాళ్లను ఎగజిమ్ముతుంది. టూ-స్టేజ్ యంత్రంలో ఆగర్ మంచును లోనికి లాగితే, వెనుకనున్న ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం దూరంగా విసురుతుంది. చక్రాలకు ఇంజను శక్తి అందుతుంది కనుక నెట్టవలసిన శ్రమ లేదు. ఇరుపక్కలా ఉన్న లోహపు పాదాలను సవరించి అంచును నేల నుండి కొంత పైకి నిలపవచ్చు కనుక కంకర మీద కూడా నడుస్తుంది. త్రీ-స్టేజ్ యంత్రంలో గడ్డకట్టిన మంచును చిదిమి వేగంగా లోనికి నెట్టే మరొక చక్రం అధికంగా ఉంటుంది. బ్యాటరీతో నడిచేవి నిశ్శబ్దమైనవి, పొగలేనివి. అయితే చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది. ఇంత పెద్ద ముంగిలికి మధ్యలో మళ్లీ ఛార్జింగ్ కోసం ఆగవలసి రావచ్చు. చిన్న ముంగిలికి అవి ప్రశస్తమే.

"రోడ్డు అంచు సంగతి మరువకండి" అని అతడు హెచ్చరించాడు. ప్రభుత్వపు మంచుబండి రోడ్డును శుభ్రపరుస్తూ, ఆ మంచునంతటినీ ప్రతి ఇంటి ముఖద్వారం వద్ద గట్టుగా పోసిపోతుంది. అది తేలికైన పొడి కాదు, ఉప్పునీటితో తడిసి బిగిసిన ముద్ద. సింగిల్-స్టేజ్ యంత్రం సాధారణంగా అక్కడే ఓడిపోతుంది.

కుమారుడు తల ఊపి, పెద్ద యంత్రం వైపే చేయి చూపాడు. అంతవరకు మౌనంగా ఉన్న తండ్రి అప్పుడు అడిగాడు.

"నాయనా, మంచు పడిన రోజున మన ఇంట్లో మొట్టమొదట తలుపు తీసి బయటికి వెళ్లేది ఎవరు?"

కుమారుడు నిరుత్తరుడయ్యాడు. కోడలు నెమ్మదిగా పలికింది. "నేనే కదండీ, మావయ్యగారూ. ఈయన లేచేసరికి నేను ఆసుపత్రిలో ఉంటాను."

"మరి యంత్రాన్ని పట్టి చూడవలసింది నీవు కదమ్మా. వాడు కాదు."

అక్కడి వరకు ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతా కుమారుని బలాన్ని, కుమారుని ధనాన్ని, కుమారుని బాధను ఆశ్రయించి జరిగినదే. డబ్బు చెల్లించేవాడే యజమాని అని లోకవ్యవహారం. శాస్త్రదృష్టిలో సంకల్పం ఎవరిదో వారే యజమాని. తెల్లవారుజామున రోగుల వద్దకు చేరవలెనన్న సంకల్పం ఆమెది. కనుక కొలత ఆమె దేహమే కావలెను.

ఆమె 30 అంగుళాల యంత్రం పిడులు పట్టుకొన్నది. అవి దాదాపు ఆమె ఛాతీ ఎత్తుకు వచ్చాయి. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆ బరువును పక్కకు కదల్చడం ఆమెకు సాధ్యం కాలేదు. తరువాత 24 అంగుళాల టూ-స్టేజ్ యంత్రం చూసింది. పిడి కింద ఉన్న మీట నొక్కగానే ఆ వైపు చక్రం ఆగి, యంత్రం సులభంగా మలుపు తిరిగింది. తాడు లాగి ఇంజనును మేల్కొల్పే శ్రమ లేకుండా, గోడలోని విద్యుత్తుకు తీగ కలిపి మీట నొక్కితే చాలు. తండ్రి వేళ్ల మీద లెక్కించాడు. 20 అడుగుల వెడల్పును 30 అంగుళాల యంత్రం 8 వరుసలలో శుభ్రపరిస్తే, 24 అంగుళాలది 10 వరుసలలో శుభ్రపరుస్తుంది. రెండు వరుసల భేదం కోసం ఆమె కదల్చలేని యంత్రాన్ని కొనడం వివేకమా? ఆరడుగులు కురిసే మహాతుఫాను వస్తే ఏ గృహయంత్రమూ ఒక్కసారిగా గెలువలేదు. కురుస్తుండగానే మధ్యమధ్య తీయవలెను. సీజనుకు ఒప్పందం మీద మంచు తీసిపోయే బండిని కూడా విచారించారు. దాని వంతు తెల్లవారుజామున 4 గంటలకే వస్తుందని హామీ లభించలేదు.

24 అంగుళాల టూ-స్టేజ్ యంత్రం ఇంటికి వచ్చింది. ఆమె నియమాలను శ్రద్ధగా అభ్యసించింది. ఇంజనును గ్యారేజీ లోపల నడుపరాదు, విషవాయువు నిండుతుంది. గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపి, చక్రాలు పూర్తిగా నిలిచిన తరువాత, యంత్రంతో ఇచ్చిన కర్రతోనే తొలగించవలెను. ఇంజను ఆగినా బిగుసుకొని ఉన్న చక్రం ఒక్కసారి తిరిగి వేళ్లను హరించగలదు కనుక చేయి ఎన్నడూ పెట్టరాదు. గొట్టం ముఖాన్ని రోడ్డు వైపు, పొరుగువారి వాకిలి వైపు తిప్పరాదు. ఋతువు ముగిశాక పాత పెట్రోలును ట్యాంకులో నిల్వ ఉంచరాదు.

ఆగర్‌కు షియర్ పిన్ అనే చిన్న మేకు ఉంటుంది. రాయి గాని, మంచులో కప్పబడిన వార్తాపత్రికల చుట్ట గాని చక్రానికి అడ్డుపడితే ఆ మేకు ముందుగా విరిగి, లోపలి గేర్లను రక్షిస్తుంది. దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తే మేకు నిలుస్తుంది, యంత్రం నశిస్తుంది. కోడలు ఈ సంగతి చెప్పగా వృద్ధుడు చాలాసేపు ఆ మేకును అరచేతిలో పెట్టుకొని చూశాడు. "ఆ రోజు నా ఛాతీలో వచ్చిన నొప్పి ఇటువంటిదేనమ్మా. నేను దానికి ముందు రెండుసార్లు లెక్కచేయలేదు" అన్నాడు. పార పట్టిన పావుగంటకే నొప్పి వచ్చి తగ్గినదనీ, మళ్లీ వచ్చినదనీ ఆయన అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

సాధకులు ఇక్కడ విచారించవలసినది ఒకటి కలదు. ఆయన చేసినది నిష్కామకర్మ వలె కనబడింది. ఫలాన్ని కోరలేదు, ప్రశంసను కోరలేదు. కానీ "నేను చేయగలను" అనే కర్తృత్వాభిమానం లోపల నిలిచి ఉన్నది. ఫలాన్ని త్యజించడం కొంత సులభం, సామర్థ్యం మీది అభిమానాన్ని త్యజించడం దుష్కరం. కుమారుని మహాయంత్ర కాంక్ష కూడా దాని రూపాంతరమే. ఒకడు తన శక్తిని అధికంగా ఊహించాడు, మరొకడు శక్తిని కొనదలచాడు. ఇద్దరూ ఆ కర్మ ఎవరిదో విచారించలేదు. విచారించిన తరువాత నిర్ణయానికి గంటసేపు కూడా పట్టలేదు.

తదుపరి హిమపాతం వచ్చిన నాడు కోడలు 3 గంటల 40 నిమిషాలకు యంత్రాన్ని నడిపించింది. వృద్ధుడు యథావిధిగా లేచాడు. బయటికి వెళ్లలేదు. కిటికీ దగ్గర కూర్చొని, జపమాల చేతబట్టి, పది వరుసలూ పూర్తయ్యే వరకు చూశాడు. ఊరక కూర్చొనడం ఆ గంటలో ఆయనకు అన్నింటికంటె కఠినమైన అనుష్ఠానమైంది. నాలుగు గంటల నలభై నిమిషాలకు కారు దీపాలు రోడ్డు మలుపు దాటాయి. అప్పుడు లేచి స్నానానికి వెళ్లాడు.

శ్రీకృష్ణార్పణమస్తు.