పైసల పక్కన మెట్ల లెక్క

జహీరాబాద్‌లో ఆ ఇంటి వంటింటి గూట్లో ఒక నోటుబుక్కు ఉంటుంది. పాల లెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన తేదీ, చిట్టీ కట్టిన నెలలు అన్నీ అందులోనే. చివరి పేజీలు మాత్రం వేరు. అక్కడ నిలువుగా ఒక గీత గీసి ఉంటుంది. ఎడమవైపు ‘పైసలు’ అని, కుడివైపు ‘మెట్లు’ అని రాసి ఉంటుంది. ఊరు తిరిగిన ప్రతిసారీ ఎంత ఖర్చయిందో ఎడమపక్క, ఎన్ని మెట్లు ఎక్కారో కుడిపక్క పడతాయి. రాసేది ఇంటావిడ, రాయించుకునేది ఆమె భర్త, సారు. ఆయన 2018లో ప్రభుత్వ బడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు. అయినా ఈ పద్దు పద్ధతి ఆయనది కాదు. ఆమె మోకాలు నేర్పింది.

కథ 2024 జనవరిలో మొదలైంది. అంతకు నెల ముందు, 2023 డిసెంబరు 9న, తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తాడు. సారుకు అది పాత బాకీ వసూలైనట్టు అనిపించింది. ఎందుకంటే రైల్లో మగవాళ్లకు అరవై నిండితే 40 శాతం, ఆడవాళ్లకు యాభై ఎనిమిది నిండితే 50 శాతం తగ్గింపు ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి దాన్ని ఆపేశారు. కరోనా పోయింది కానీ తగ్గింపు తిరిగి రాలేదు. సారుకు అరవై నిండింది సరిగ్గా ఆ ఏడాదే. జీవితంలో ఒక్కసారి కూడా ఆ రాయితీ టికెట్టు కొనలేకపోయానని ఆయనకు ఇప్పటికీ దిగులే.

అందుకే సంక్రాంతి దాటాక ఒక శుక్రవారం హైదరాబాద్ బయలుదేరారు. శనివారం కొడుకు ఇంట్లో ఉండి, ఆదివారం తిరిగి రావాలని ఆలోచన. జహీరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. చెరుకు బండ్లు, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, సదాశివపేట, సంగారెడ్డి చౌరస్తా, పటాన్‌చెరు. ఆమెకు టికెట్టు లేదు, సీటూ లేదు. సంగారెడ్డి దాకా నిలబడే ఉంది.

సాలార్‌జంగ్ మ్యూజియం గేటు దగ్గరికి వెళ్తే తాళం. శుక్రవారం సెలవు. పోనీ చౌమహల్లా చూద్దామని నడిచారు. దానికీ శుక్రవారమే సెలవు. పైసా ఖర్చు లేకుండా రెండు మూసిన గేట్లు చూశాక సారుకు పంతం వచ్చింది. వచ్చిన బస్సు ఖర్చు గిట్టుబాటు కావాలి కదా! చార్మినార్‌కు మనిషికి ఇరవై అయిదు రూపాయల టికెట్టు తీసుకుని పైకెక్కారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినప్పుడు అరవై దాటినవాళ్ల సంగతి ఆయనకు గుర్తు లేనట్టుంది. అన్నీ ఇరుకు మెలికల మెట్లే. దిగాక సిటీ బస్సులు మారుతూ గోల్కొండ. అక్కడ బాలాహిస్సార్ దాకా మరో మూడు వందల పైచిలుకు. పై నుంచి ఊరు బాగానే కనబడింది. దిగేటప్పుడు ఆమె ప్రతి మెట్టు దగ్గరా గోడ పట్టుకుంది.

సోమవారానికి మోకాలు వాచింది. ఎక్స్‌రే, మందులు, పూసుకునే జెల్లు, పది రోజుల ఫిజియోథెరపీ, రోజూ పోయిరావడానికి ఆటో. అంతా కలిపి అయిదు వేల రెండు వందల యాభై రూపాయలు. ఆమె పాల లెక్కల పుస్తకం తీసి చివరి పేజీలో గీత గీసింది ఆ రోజే.

“టికెట్టు పైసలు మిగిలినయి, సరే. మరి నా మోకాలు ఏ ఖాతాల రాస్తరు?”

లెక్కల మాస్టారు దగ్గర సమాధానం లేదు.

ఇక్కడ వాళ్ల డబ్బు సంగతి కొంచెం చెప్పాలి. రిటైరైనప్పుడు చేతికి వచ్చినదాంట్లో పదిహేను లక్షలు సారు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశారు. అప్పట్లో ఒక మనిషికి అదే గరిష్ఠ పరిమితి. 2023 బడ్జెట్ దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఈ పథకంలో ఆయనకు నచ్చే గుణం ఒకటుంది. ఖాతా తెరిచిన రోజున ఉన్న వడ్డీ రేటే అయిదేళ్లూ నిలబడుతుంది. 2018 జులైలో ఆయనకు దొరికింది 8.3 శాతం. 2020 ఏప్రిల్‌లో కొత్తవాళ్లకు అది 7.4కి పడిపోయినా ఆయన వడ్డీ కదలలేదు. 2023లో గడువు తీరితే మళ్లీ వేశారు, ఈసారి 8.2 శాతం. ఏడాదికి లక్షా ఇరవై మూడు వేలు, మూడు నెలలకొకసారి 30,750 రూపాయలు. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో ఖాతాలో పడతాయి. టీడీఎస్ కోయకుండా ప్రతి ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఫారం ఇచ్చి వస్తారు. పన్ను పరిధిలోకి రానివాళ్లు ఆ కాగితం ఇవ్వడం మరిస్తే, కోసిన పైసల కోసం రిటర్ను వేసి ఎదురుచూడాలి.

ఇన్నేళ్లూ ఆ వడ్డీని సారు తాకేవారు కాదు. పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది, వడ్డీ ఆర్డీలోకి పోతుంది, ఆర్డీ గడువు తీరితే ఫిక్స్‌డ్ డిపాజిట్ అవుతుంది. పైసలు పిల్లలు పెడుతుంటే ఆయన చూసి సంతోషించేవారు. ఈ తరం మాస్టార్లలో ఇది మామూలు జబ్బే. డెబ్బై ఏళ్లకు ఏదో చేద్దామని అరవై నాలుగులో దాస్తారు. డెబ్బైకి పైసలుంటాయి, మోకాళ్లుండవు. ఫిజియోథెరపీ చివరి రోజున ఆమె అడిగింది ఒక్కటే: మూడు నెలలకొకసారి మూడు వేలు తనకు విడిగా కావాలి. ఇంటి ఖర్చుకు కాదు, తిరగడానికి. 2024 ఏప్రిల్ నుంచి ఆమె పేరున బ్యాంకులో ఒక పొదుపు ఖాతా నడుస్తోంది. ఇంట్లో దాని పేరు తిరుగుడు ఖాతా. వడ్డీ పడిన వారంలో మూడు వేలు అందులోకి వెళ్లాలి. వెళ్లకపోతే ఆమె గుర్తు చేయదు, చపాతీ బదులు ఉప్మా చేస్తుంది.

ఆ ఖాతా నుంచి మొదటి ఖర్చు హైదరాబాద్ మీద కాదు, బీదర్ మీద పెట్టారు. ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం, పొద్దున పోయి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. ఒక విధంగా అది రిహార్సలు. తెలంగాణ బస్సులో ఆమె జీరో టికెట్టు రాష్ట్రం సరిహద్దు దాకే. అక్కడి నుంచి బీదర్‌కు పైసలు కట్టాలి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పేరుతో ఇలాంటి ఉచిత పథకమే ఉన్నా అది కర్ణాటక ఆడవాళ్లకు. ఒకే బస్సులో, ఒకే సీటులో, సగం దారి ఉచితం, సగం దారి టికెట్టు. ఆమె దాన్ని చూసి తెగ నవ్వింది.

బీదర్‌లో చేసిన తెలివైన పని, బస్టాండ్ దగ్గర ఆటో ఒకటి పూటకు మాట్లాడుకోవడం. ఏడు వందలు. కోట లోపలికి ఆటో పోతుంది, కోటకు టికెట్టు లేదు. అహ్మద్‌షా వలీ పదిహేనో శతాబ్దంలో గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి కట్టించిన కోట అది. చింతచెట్ల కింద ఆపించుకుని జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నారు. తర్వాత మహమూద్ గవాన్ మదర్సా. 1472లో కట్టిన ఆ చదువుల బడి ముందు సారు అరగంట నిలబడ్డారు. 1695లో పేలుడుకు సగం కూలిపోయి కూడా గోడ మీద రంగు పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. ఆమె మాత్రం ఎదురుగా నీడలో కూర్చునే చూసింది. మధ్యాహ్నం నానక్ ఝీరా గురుద్వారాలో లంగర్ భోజనం. తిరిగి వచ్చే ముందు ఒక చిన్న బిద్రీ డబ్బా, పదహారు వందలు. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగె పొదిగి, కోటలోని మట్టితో నలుపు తెప్పిస్తారని దుకాణదారు చెబుతుంటే సారు ధర అడగడం మరిచారు. ఆ డబ్బా తిరుగుడు ఖర్చా, ఇంటి ఖర్చా అని రెండు రోజులు వాదన నడిచింది. చివరికి సారు జేబు ఖర్చు అని తేలింది.

పుస్తకంలో ఆ రోజు కుడిపక్క అంకె: ఇరవై రెండు.

హైదరాబాద్‌కు మళ్లీ వెళ్లింది 2025 డిసెంబరులో. అప్పటికి తిరుగుడు ఖాతాలో ఏడు విడతలు పడ్డాయి. ఇరవై ఒక్క వేలు, అందులో బీదర్‌కు పోగా మిగిలినవి. ఈసారి మార్చిన మొదటి విషయం రోజులు. శని, ఆదివారాలు ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం. రిటైరైనవాళ్లు ఆ గుంపులో పడి తోసుకోవాల్సిన అవసరమేముంది? మనవడికి సెలవు కాబట్టి ఆదివారం కావాలి, మ్యూజియం ఖాళీగా దొరకాలి కాబట్టి సోమవారం కావాలి. శుక్రవారం జోలికే పోలేదు.

రెండోది, పోయేటప్పుడు జీరో టికెట్టు వదులుకోవడం. సీటు రిజర్వు చేసుకునే బస్సులో ఆమెకూ టికెట్టు కొన్నారు. మోకాలి బిల్లు ముందు ఆ టికెట్టు ఏపాటిది? వచ్చేటప్పుడు మాత్రం ఎక్స్‌ప్రెస్సే, జీరో టికెట్టే. ఎందుకంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో బస్సు ఖాళీగా మొదలవుతుంది, కాస్త ముందుగా పోతే కిటికీ పక్క సీటు దొరుకుతుంది. ఉచితం ఎక్కడ లాభమో, ఎక్కడ నష్టమో బస్సు ఎక్కడ బయలుదేరుతుందన్న దాన్నిబట్టి ఉంటుందని సారు ఇప్పుడు నలుగురికీ చెబుతుంటారు.

మూడోదానికే ఇంట్లో గొడవ అయింది. గది. కొడుకు ఫ్లాటు మియాపూర్ దాటాక ఉంది. అక్కడ ఉంటే కిరాయి లేదు. కానీ పాతబస్తీ చూడాలంటే పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. మధ్యాహ్నం నడుం వాల్చడానికి చోటు లేదు. మెట్రో టికెట్టు కూడా 2025 మేలో పెరిగింది. అరవై ఉన్న గరిష్ఠ ఛార్జీ డెబ్బై అయిదైంది, గొడవయ్యాక పది శాతం తగ్గించారు. నాంపల్లిలో మెట్రో స్టేషన్‌కు దగ్గరగా, 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జిలో గది 1,800 రూపాయలు. పన్నుతో 1,890. అదే గది మూడు నెలల ముందు తీసుకుని ఉంటే 2,016 అయ్యేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏడున్నర వేల లోపు గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నూట ఇరవై ఆరు రూపాయల తేడాను సారు బిల్లు మీద పెన్నుతో గుండ్రంగా చుట్టారు. కొడుకు నొచ్చుకున్నాడు. “మా ఇల్లుండంగ లాడ్జి ఎందుకే అమ్మా?” అన్నాడు. “పన్నెండింటికి పండుకోవాలె బిడ్డా, అందుకు” అంది ఆమె. దాంతో ఆ మాట అక్కడే తెగింది.

ఆదివారం పదకొండింటికి గదిలో సామాను పడేశారు. కొడుకు కుటుంబం వచ్చింది, కలిసి తిన్నారు, మూడున్నర దాకా మనవడితో సహా అందరూ నిద్ర. నాలుగింటికి చార్మినార్. ఈసారి పైకి ఎక్కలేదు. కింద నిలబడి చూడటానికి టికెట్టు లేదు, మెట్లూ లేవు. నిజానికి చార్మినార్ అందం కింది నుంచే. పైకి ఎక్కితే కనబడనిది చార్మినార్ ఒక్కటే. ఎదురుగా నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తీసుకున్నారు. పావురాలు లేస్తుంటే మనవడు లెక్కపెట్టాడు. లాడ్ బజార్‌లో గాజులు బేరం ఆడి కొనలేదు. చీకటి పడేలోపు గదికి వచ్చేశారు.

సోమవారం పదిన్నరకు సాలార్‌జంగ్. సంచి కౌంటర్లో పెట్టి లోపలికి పోయారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడిలో ప్రారంభించిన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి వచ్చింది. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల ముందే వదిలేశారు. నాలుగే చూడాలని చీటీ రాసుకున్నారు. బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా దగ్గర ఆమె కదల్లేదు. పాలరాయిలో పలుచని బట్ట వెనక ముఖం. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నది. “రాయికి కూడా ఊపిరి తీసుకునే సందు పెట్టిండు” అంది.

పన్నెండుకు పావు తక్కువకే మ్యూజియంలోని గడియారం ముందు కుర్చీలు పట్టుకున్నారు. గంటగంటకూ లోపలి నుంచి బొమ్మ వచ్చి గంట కొట్టి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కొడుతుంది కాబట్టి జనం ఆ వేళకే చేరతారు. సోమవారం కావడంతో ముందు వరసే దొరికింది. బొమ్మ కొడుతుంటే సారు పెదవులతో లెక్కపెట్టారు. పన్నెండూ అయ్యాక పక్కన చూస్తే ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నారు. చప్పుడు వింటోంది.

రెండున్నర బస్సులో కిటికీ పక్క సీటు, జీరో టికెట్టు. పటాన్‌చెరు దాటాక ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. ఇంటికి పోయేదాకా ఆగదు ఆ మనిషి. గది, పోయేటప్పటి టికెట్లు, ఆటోలు, రెండు పూటల భోజనం, మ్యూజియం, మనవడికి కొన్న కీ బొమ్మ. కూడితే 4,860. కుడిపక్కకు వచ్చేసరికి సారును అడిగింది.

“మెట్రోల లిఫ్టు ఎక్కినం. అది రాయాల్నా?”

“లిఫ్టు మెట్టు కాదు” అన్నారు సారు.

ఆమె కాసేపు ఆలోచించి లాడ్జి ముందున్నవి నాలుగు, మ్యూజియంలో మొదటి అంతస్తుకు ఎక్కినవి, బస్సువి మూడు కలిపి అరవై ఒకటి అని రాసింది. ఆ కింద పెన్సిల్‌తో ‘జనవరి వడ్డీ’ అని రాసి, ఎదురుగా ‘చౌమహల్లా, శుక్రవారం కాదు’ అని పెట్టింది.