గుత్తకు పోయిన తోట

జమ్మూలోని భదర్వాలో మొక్కజొన్న వేసుకునే కుటుంబాలు లావెండర్‌కు మళ్లాయి. 2022లో అక్కడ లావెండర్ పండుగే మొదలైంది. ఆ చలిదేశపు మొక్క మన సీమ ఎండకు తాళదు. తాళకపోతే పోనీ, వేసవిలో నలుగురిని పిలిచి చూపించదగ్గ పంట మనకు బనగానపల్లెలో ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మామిడి అది. మరి ఆ తోపులకు జనం ఎందుకు పోరు? ఎండ అంటారు. మే నెలలో కర్నూలు 40 డిగ్రీలు దాటే మాట నిజమే, కానీ లావెండర్ చేనులో తల దాచుకునే నీడైనా ఉండదు. మామిడి కింద మిట్టమధ్యాహ్నం మంచం వాల్చుకోవచ్చు.

అసలు అడ్డు గుత్త అని నా అభిప్రాయం. చాలా తోటలు పూత, పిందె దశలోనే వ్యాపారి చేతికి పోతాయి. ఆపైన చుట్టానికి ఒక కాయ కోసివ్వాలన్నా రైతుకు మొహమాటమే. లావెండర్ పువ్వు చూస్తే తరగదు, జనం వెళ్లాక కోసి నూనె తీసుకోవచ్చు. మామిడి తోటకొచ్చినవాడి చెయ్యి కాయ మీదికే పోతుంది. గుత్త సొమ్ము ముందే అందుతుంది, గాలివానకు కాయ రాలితే నష్టం చాలావరకు వ్యాపారిదే అనేవాళ్లున్నారు. అప్పులున్న ఇంటికి అది చిన్న ధైర్యం కాదు. అందుకే తోటంతా ఆపుకోమనను, చూడవచ్చేవాళ్ల కోసం టికెట్ పెట్టి, బాట పక్క పది చెట్లు గుత్తకివ్వకుండా ఉంచుకుంటే చాలు. చిక్కంతో తొడిమ విరగకుండా కోసి, సొన కారేదాకా బోర్లించి, వరిగడ్డిలో మాగేయడం కళ్లారా చూసినవాడు, నిషేధమున్నా కార్బైడ్ వాడే బజారు పండుతో ధర పోల్చడు. వచ్చినవాళ్లకు మర్యాదలు మాత్రం ఇంటి ఆడవాళ్ల నెత్తినే పడతాయి. ఆ కూలి కూడా టికెట్‌లోనే కలపాలి.