కాళ్ళు కడుక్కుని రండి!

వీధిలోనుంచి వచ్చినవాణ్ణి కాళ్ళు కడుక్కోనిదే మా బామ్మ గడప దాటనిచ్చేది కాదు. ఆవిడ మాటకు శాస్త్రం అక్షరాలా వంత పాడే చోటొకటి వుంది. నవ్వకండి, అది పందుల దొడ్డి!

ఆఫ్రికా పంది జ్వరమని ఒక వైరస్ రోగం. మనిషికి సోకదు. పందిని మాత్రం చాలాసార్లు వారం, పదిరోజుల్లోనే తీసుకుపోతుంది. సోకితే నయంచేసే మందు లేదు. కెన్యాలో బయటపడ్డ యీ రోగాన్ని 1921లో మొదట వర్ణించారు. 1957లో అది లిస్బన్ నగరంలో తేలింది. అంత దూరం పంది నడిచి వెళ్ళిందా? లేదు. విమానాల్లో మిగిలిన యెంగిలి తిండిని విమానాశ్రయం దగ్గరి పందులకు వేశారు! ఆ పీడ పక్కనున్న స్పెయిన్‌కూ పాకి, 1995 దాకా విరగడ కాలేదు.

వైరస్‌కు కాళ్ళు లేవు. మన చెప్పులూ, లారీ చక్రాలూ, కుడితి బాల్చీలే దాని వాహనాలు. పచ్చిమాంసంలో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది.

2020లో అది అస్సాంలో అడుగుపెట్టింది. అక్కడ యెన్నో పేద ఇళ్ళలో పంది అంటే ఇల్లాలి పోస్టాఫీసు పుస్తకం. పిల్లల చదువూ, పెళ్ళి ఖర్చూ అందులోంచే. ఒక్కదానికి రోగం తేలితే దొడ్డిలోని మిగతావాటినీ చంపి పూడ్చవలసిందే. ఆ భయంతో దాచి సంతకు తోలితే, పక్క వూళ్ళోనూ అదే యేడుపు.

అందుకే దొడ్డి గుమ్మంలో క్రిమినాశకపు తొట్టి పెట్టమనీ, చెప్పులు మార్చమనీ, యెంగిలి తిండి బాగా మరగకుండా వెయ్యవద్దనీ నియమాలు. వాటినుంచి పశువుల డాక్టరుగారికి కూడా మినహాయింపు లేదు!