నీటిధారపై నిలిచిన వేళ

గోవాలోని బైనా సముద్రతీరం. ఒడ్డుకు దూరంగా, లోతైన నీటిలో, లైఫ్ జాకెట్టు తొడిగిన ఒక మధ్యవయస్కుడు బోర్లా తేలుతున్నాడు. అతని కాళ్లు ఫ్లైబోర్డు అనే పలకకు బిగించి ఉన్నాయి. వెనుకనున్న జెట్‌స్కీ సముద్రపు నీటిని పీల్చి, పొడవాటి గొట్టం గుండా ఆ పలకకు పంపుతుంది. పాదాల కింద చిమ్మే ధారల ఒత్తిడికి మనిషి పైకి లేస్తాడు. ఈ సాధనాన్ని రూపొందించిన ఫ్రాన్సు దేశీయుడు ఫ్రాంకీ జపాటా 2019లో, నీటితో కాక జెట్ ఇంజన్లతో ఎగిరే మరొక పలకపై, ఇంగ్లీషు చానెల్‌ను దాటాడు.

కాని ఇక్కడ వేగమంతా జెట్‌స్కీపై కూర్చున్న శిక్షకుని చేతిలోనే ఉంటుంది. కొడుకు వయసున్న ఆ కుర్రవానికి ప్రాణం అప్పగించడం అతనికి మింగుడుపడలేదు.

"మోకాళ్లు వంచకండి సార్! కిందికి చూడకండి!"

భయపడిన కాలు వంగక మానుతుందా? వంగింది, పలక ఒరిగింది, ఉప్పునీరు ముక్కులోకెక్కింది. మూడుసార్లు ఇదే తంతు. ఒడ్డున కొబ్బరినీళ్లు తాగుతూ కూర్చోక ఈ అగచాట్లెందుకని చూసేవారికి తోచక మానదు.

నాలుగవసారి అతడు దూరాన లంగరు వేసిన ఓడపై దృష్టి నిలిపాడు. మోకాళ్లు నిటారయ్యాయి. జానెడు, మూరెడు, ఆపై నిలువెత్తు. కొన్ని క్షణాలు గడిచాక మళ్లీ నీటిలో పడ్డాడు. తల పైకెత్తి, ఉప్పునీరు ఉమ్మి, శిక్షకుని వైపు చేయి ఊపాడు.

"ఇంకొక్కసారి, బాబూ!"